ఎవరి గుణం?

రుక్మాబాయి బాలింతల గదిలో నాలుగో మంచం దుప్పటి బిగిస్తుండగా, ఆపరేషనయిన రుమానాను లోపలికి తోసుకొచ్చారు. బోధన్‌లోని ఈ దవాఖానాలో ఆయాగా రుక్మాబాయికి ముప్పయ్యేళ్ళు నిండాయి. ఈ మధ్యాహ్నంతో కొలువూ నిండిపోతుంది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. చెప్తే దండ తెస్తారని కాదు, తేరేమోనని జంకు.

పొట్టి మనిషి. ఒకప్పుడు చెరకు నరికిన చేతులు, వేళ్ళు మొరటు. పసిబిడ్డ మెడ కింద చేరితే మాత్రం అవే దూదిపింజలు.

రుమానాకు నడుం కింద ఇంకా తిమ్మిరి. అత్త హమీదా ఒళ్ళో ఆడపిల్ల గుప్పిట చీకుతోంది. తండ్రి ఇస్రార్ చెవిలో అజాన్ చెప్పి మందులకు పోయాడు.

"ఆకలైతుంది అక్కా, తల్లి కాడ వెయ్యి," అంది రుక్మాబాయి.

"ఆగు. మా అన్న షౌకత్ నిజామాబాద్ నుంచి వస్తుండు. ముందుగాల ఆయన తేనె నాకిస్తడు. ఎవలు నాకిస్తే వాళ్ళ గుణమే వస్తది. గప్పటిదాంక ఏం ముట్టియ్యద్దు."

బస్సు ఇంకా జానకంపేట దాటలేదట. పిల్ల చీకడం మాని మగతలోకి జారుతోంది. ఒకసారి నిద్రపోయిందంటే మళ్ళీ ఎప్పటికి లేచి పాలు పడుతుందో! అత్తగారి ఊరు రుద్రూర్‌లో రుక్మాబాయి తొలిచూలు కొడుక్కి మూడు రోజులు బెల్లం నీళ్ళే పోశారు. ముర్రుపాలంటే మురికిపాలని అత్త గోడకు పిండించింది. నాలుగోనాడు పాలున్నాయి, తాగడానికి వాడు లేడు.

డాక్టరమ్మతో చెప్పిస్తే పెద్దవాళ్ళు మరింత బిగుసుకుంటారు. అందుకే స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"మీ అన్న గుణం మంచిదే. మరి నీ కోడలి గుణం చెడ్డదా అక్కా? పిల్లకు అంటుతదని భయపడుతున్నవా?"

గదంతా ఇటు తిరిగింది. రుమానా కళ్ళు తెరిచి అత్తనే చూస్తోంది. మోకాళ్ళు పట్టేసి హమీదా మంచాన పడ్డ ఏడాదంతా ఎత్తి కూర్చోబెట్టింది ఈ కోడలే. హమీదా అడకత్తెరలో పోకచెక్కయింది.

"నా కోడలు బంగారం!" అంది, కోపంగానే.

"మరి పిల్లను ముందుగాల గా బంగారమే నాకనియ్యి."

హమీదా బిడ్డను అందించింది. రుక్మాబాయి కుట్లకు తగలకుండా పిల్లను తల్లి చంక పక్కన ఒదిగించి పట్టుకుంది.

"పాలు గిట్ల పచ్చగున్నయేంది అవ్వా? చెడిపోయినయా?" అడిగింది రుమానా.

"ముర్రుపాలు బిడ్డా. గివి పైసలు పెట్టినా దొరకయి."

పిల్ల రెండుసార్లు జారవిడిచింది. మూడోసారి పట్టేసింది. గుటక చప్పుడు విని రుమానా ఏడ్చింది, హమీదా ఏడ్చింది. రుక్మాబాయి లాంటి మనిషిని ఎవరూ గొప్పదనరు. అనకపోవడం మన తప్పు.

షౌకత్ రెండున్నరకు వచ్చి సంగతి విని పకపకా నవ్వాడు. "మంచిగైంది. నా గుణమొస్తే పిల్లకు బస్సులన్నీ తప్పిపోతుండె!"

తెచ్చిన తేనెసీసా రుక్మాబాయికే ఇద్దామని హమీదా వెతికింది.

"అవ్వ పోయింది," అంది నర్సు ధనలక్ష్మి. అంతలోనే నాలిక కరుచుకుంది. "అయ్యో... ఇయ్యాల్టితోని ఆమె డ్యూటీ అయిపోయింది. యాదికే లేకపాయె."

తలుపు వెనక మేకుకు రుక్మాబాయి నీలం ఆయా కోటు వేలాడుతోంది. మడిచిన చేతి అంచున పచ్చటి పాలచుక్క ఒకటి ఇంకా ఆరలేదు.