మొలకెత్తిన రాట

నేను ఒక అల్యూమినియం రాటను. ఆ శుక్రవారం ఉదయం నా కడుపులోంచి ఒక పచ్చటి మొలక బయటికి తొంగిచూస్తోందని అందరికంటే ముందు సత్యవేణి కనిపెట్టింది.

లోహానికి మొలకలు రావు. ఈ సంగతి నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆవిడ కిందికి వంగి, నా అడుగున ఉన్న కన్నంలో వేలు పెట్టి, వాసన చూసి ముఖం తిప్పుకుంది. పులిసిన పాలు. తర్వాత నా పైగొట్టాన్ని కిందిగొట్టంలోకి దించబోయింది. గొట్టం ఇంకా జానెడు ఉండగానే ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. ఊహూఁ.

అప్పుడు టైము ఆరున్నర. ఎనిమిదింటికి రామచంద్రపురం నుంచి ఆరుగురు వచ్చి కారవాన్ ఎక్కాలి. మారేడుమిల్లి ఘాట్ మీదికి రెండు రోజుల ప్రయాణం. సత్యవేణి తన చేత్తో స్టీరింగు పట్టి నడపబోయే మొదటి ట్రిప్పు. నేను పూర్తిగా ముడుచుకుని బండి పక్కనున్న గాడిలో పడుకుంటే తప్ప నేను మోసే మడతపందిరి మూసుకోదు. పందిరి మూసుకోకపోతే బండి గేటు దాటదు.

నేరం జరిగింది. నేనే సాక్షిని, నేనే నేరస్థలాన్ని. చేసిందెవరో నాకు తెలుసు. ఇప్పుడే చెప్పేస్తే మీరు ఇక్కడే చదవడం ఆపేస్తారు కాబట్టి చెప్పను.

నా పుట్టుక గొప్పదేం కాదు. పాత ఇడ్లీ పాత్రలు, కుక్కర్లు, ఎవరో విసిగిపోయి వదిలేసిన కిటికీ చట్రాలు ఒకే కొలిమిలో కరిగితే నేనయ్యాను. ఇప్పటికీ వీధిలో ఎవరైనా ఈల వేస్తే, మూడోది రాగానే పొయ్యి ఆపాలని నాలో ఒక మూల కంగారు పుడుతుంది. లావు గొట్టం ఒకటి, అందులో దూరే సన్నగొట్టం ఒకటి, రెండూ కలిసి ఒక రాట. మొగుడూ పెళ్లాల్లాగా అని విజయవాడ ఆటోనగర్‌లో మమ్మల్ని అమ్మే ఖాదర్ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అతనికి పెళ్లి కాలేదు.

నాగభూషణం, సత్యవేణి దంపతులు కాకినాడ నుంచి ఆ షాపుకే వచ్చారు. ఆయన ఇరవై రెండేళ్లు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు నడిపి, ఎడమకన్ను మసకబారి, లైసెన్సు పోగొట్టుకున్న మనిషి. యూనియన్ నాయకుడు, పక్కా నాస్తికుడు. బండికి కట్టిన నిమ్మకాయ కనిపిస్తే చాలు, గంటసేపు ఉపన్యాసం ఇస్తాడు. డిపోలో ఆయుధపూజ రోజున పంతం కొద్దీ సెలవు పెట్టేవాడట. ఆయనకు వచ్చిన రిటైర్మెంటు డబ్బుతో వ్యాను కొని కారవాన్ కట్టించింది మాత్రం సత్యవేణి. ఏడాదిలో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకుంది.

"ఇనుమే ఇవ్వవయ్యా, గాలొస్తే నిలబడాలి కదా," అన్నాడాయన.

"మీ ఉప్పుగాలికి ఇనుం రెండు వానల్లో పెచ్చులూడిపోద్దండి. ఫైబర్ తీసుకోండి," అన్నాడు ఖాదర్.

ఫైబర్ రాట మాలో దొరసాని. ఎటు గాలి వీస్తే అటు వంగుతుంది, గాలి పోగానే లేచి నిలబడుతుంది. మనిషై పుడితే మంత్రి అయ్యేది.

"విరిగితే?" అంది సత్యవేణి.

"విరగదమ్మా."

"విరిగితే ఏంటంటున్నాను."

ఖాదర్ తల గోక్కున్నాడు. "చీలికలొస్తాయండి. చేతికి గుచ్చుకుంటాయి. అతుకు పడదు."

"మరి ఇది?" అంటూ నన్ను చూపించింది.

"వంగుద్దండి. ఏ ఊళ్లోనైనా సుత్తి ఉన్నవాడు సరిచేసేస్తాడు."

ఆవిడ మా ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా తల మీదికి ఎత్తి, అలాగే పట్టుకుని ముప్పై లెక్కపెట్టింది. ఇనుముని పదిహేను దగ్గరే దించేసింది. "ఎత్తాల్సిందీ దించాల్సిందీ నేనొక్కదాన్నే. ఇదే కట్టించు బాబూ," అని నా భుజం మీద తట్టింది. రాటలకు భుజాలుండవు, ఉన్నట్టనిపించింది.

"బండి తోలటం వేరు, ఘాట్ ఎక్కటం వేరు వేణీ," అన్నాడు నాగభూషణం, సంబంధం లేకుండా.

"ఏడాదిగా ఇదే పాట. లైసెన్సిచ్చినాయనకి లేని అనుమానం మీకెందుకండీ?"

ఆ మంగళవారం నన్ను పెరట్లో మొదటిసారి నిలబెట్టారు. శుక్రవారం దాకా పందిరి తెరిచే ఉంచి, నిలుస్తుందో లేదో చూద్దామనుకున్నారు. సత్యవేణి పిన్ని మాణిక్యాంబ మేడమీంచి దిగొచ్చి, గోతిలో పాలూ నవధాన్యాలూ పొయ్యకుండా పందిరి రాట వెయ్యడమేమిటని ఆక్షేపించింది. పెరడంతా సిమెంటే, గొయ్యెక్కడ తవ్వుతావని సత్యవేణి నవ్వింది. నాగభూషణం మూఢనమ్మకాల మీద కొంతసేపు మాట్లాడాడు.

కాబట్టి శుక్రవారం ఉదయం మొదటి అనుమానం పిన్ని మీదే పడింది.

"పిన్నీ, ఒకసారి రా."

మాణిక్యాంబ వచ్చేలోపు నాగభూషణం ఎక్కణ్ణుంచో రంపం తెచ్చాడు. "అడుగు కోసేస్తే పోద్ది. చూసేదేముంది," అన్నాడు. సత్యవేణి రంపం లాక్కుని అవతల పెట్టి, పైగొట్టం ఊడదీసి, కిందిగొట్టాన్ని పేపరు మీద బోర్లించి నాలుగు దెబ్బలు కొట్టింది. నా పరువుతో సహా అంతా బయటపడింది: ఉబ్బిపోయిన శనగలు, తోకలొచ్చిన పెసలు, వడ్లు, ఇంకా ఏవేవో.

మాణిక్యాంబ కళ్లజోడు పెట్టుకుని పుల్లతో కెలికింది.

"శనగలు, పెసలు, మినుములు, బొబ్బర్లు, గోధుమలు, వడ్లు. ఇదేంటే, కందిపప్పు? కందులు వెయ్యాలి గానీ పప్పు వేస్తారా ఎవరన్నా? నువ్వుల్లేవు, ఉలవల్లేవు. ఇది పూజ కాదమ్మాయ్, గుగ్గిళ్లు. నేనేస్తే తొమ్మిదీ లెక్కగా వేస్తాను. ఇదెవరో వంటింట్లో డబ్బాలు తెలీని మగాడి పని." ఆపైన ఎంతో మర్యాదగా, "ఏం అల్లుడుగారూ?" అంది.

నాగభూషణం గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు. మసకకన్నుతో.

సత్యవేణి నన్ను కుళాయి కింద కడిగింది, గుడ్డతో తుడిచింది, పైగొట్టం మళ్లీ దూర్చింది. నేను సర్రున దిగిపోయాను. అయినా ఆవిడ పందిరి ముయ్యలేదు. బండి తాళాలు తీసి ఆయన ముందు అరుగు మీద పెట్టింది.

"నేను వెళ్లకూడదని చేశారా? అదే అయితే చెప్పండి. వాళ్లకి ఫోన్ చేసి రావద్దంటాను. ఇంట్లో మనిషే బండి కాలు పట్టుకు లాగుతుంటే, కొండ మీద నేను బ్రేకుని ఎలా నమ్మను?"

ఆయన తాళాల వంక చూశాడు, వాటిని తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నేనే వేశాను. మంగళవారం నువ్వు బజారుకి వెళ్లినప్పుడు పైగొట్టం లాగి, గుప్పెళ్లతో పోసి, మీద గ్లాసుడు పాలు పోశాను. ఉబ్బుతాయని తట్టలేదు. నిన్నాపడానిక్కాదే, నీకేమీ కాకూడదని. బండి ఆపాలంటే డీజిల్ పైపు ఒదులు చేస్తే చాలు, నాకు తెలీదా? ఆ ఘాట్‌లో ఇరవై రెండేళ్లు నాకు భయమెయ్యలేదు, స్టీరింగు నా చేతిలో ఉంది కాబట్టి. ఇప్పుడందులో సీట్లు ఏడే. ఆరు వాళ్లకి, ఒకటి నీకు. బండి కొండెక్కుద్ది, నేనీ అరుగు మీద కూర్చుంటాను. కూర్చునేవాడు ఏం చెయ్యాలో నాకు రాదు వేణీ. అన్నేళ్లు నువ్వెలా కూర్చున్నావో నిన్నెప్పుడూ అడగలేదు. ఎనిమిదింటికింకా అరగంటుంది. అదెలాగో చెప్పి వెళ్లు."