పెద్ద అప్పం

వేడి ఇనుప పలకల మధ్య పిండినీళ్లు చుయ్యిమన్నాయి. రొలాండ్ బిసోనెట్ ఆవిరి తగ్గేదాకా ఆగి పై పలక ఎత్తింది. కాగితమంత పల్చటి తెల్లరేకు, దాని నడుమ సిలువ గుర్తు. ఆమె చేతులు మోచేతుల దాకా కాలిన మచ్చలే. కన్యస్త్రీలు ఈ కార్ఖానా నడిపిన రోజుల్లో పదిహేడేళ్ల పిల్లగా చేరింది, ఇక్కడే నడుం వంగిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎవరూ అడగనూ లేదు, దాచడమెందుకు!

పూజకు వాడే గుండ్రటి అప్పాలు కోసుకున్నాక మిగిలే చిల్లుల రేకుని అప్పట్లో పిల్లలకు పంచేవారు. ఇప్పుడు సంచుల్లో పోసి కిరాణా కొట్లకు అమ్ముతున్నారు. ఇక్కడ క్యూబెక్ రాష్ట్రంలో జనం హాకీ ఆట చూస్తూ కరకరా నములుతారు. పూజకు వెళ్లేవాళ్లు లేరు గానీ నమిలేవాళ్లకేం కొదవ? ముక్కలు చాలక యజమాని యానిక్ ఈమధ్య నిఖార్సైన అప్పాలనే పగలగొట్టిస్తున్నాడు.

"ఆ పెద్దది కూడా విరిచి పారెయ్యమ్మా, లారీ వచ్చేస్తోంది," అని కేకేశాడు.

"అది విరిచేది కాదు బాబూ. ఇవాళ సాయంత్రం మా చర్చిలో ఆఖరి పూజ. దానికని చేశా."

"ఓర్నాయనో, అదింకా నడుస్తోందా? ఎప్పుడో మూసేశారనుకున్నానే!"

పనివాళ్లంతా ఘొల్లున నవ్వారు. రొలాండ్ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకోటి అంటారు.

అరచేయంత అప్పాన్ని బిస్కెట్ల డబ్బాలో మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టింది. ఇన్నేళ్లూ తను చేసినవి ఏ ఊరు వెళ్లాయో, ఎవరి నాలుక మీద కరిగాయో ఆమెకు తెలియదు. తన చేత్తో చేసిన అప్పాన్ని ఫాదర్ తలపైకి ఎత్తుతుంటే ఒక్కసారి కళ్లారా చూడాలి. ఆమెకున్న కోరికల్లా అదే, దానికి ఇవాళ తప్ప ఇంకో రోజు లేదు.

చర్చిలో హీటర్లు ఎప్పుడో ఆపేశారు. కోట్లు విప్పకుండా కూర్చున్న గుప్పెడు ముసలివాళ్లు. కాంగో నుంచి వచ్చిన ఫాదర్ ఆన్సెల్మ్ పూజవస్త్రం తగిలించుకుంటూ గడియారం చూసుకుంటున్నాడు. పాపం, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయనొక్కడే.

"ఫాదర్, ఈ పూజకని దీన్ని..."

"అయ్యో తల్లీ, అప్పం పళ్లెంలో పెట్టేశాను. ఇంకో ఊరు పోవాలి, మంచు పట్టుకునేలా ఉంది. దాన్ని నీ దగ్గరే ఉంచుకో. నీ మనసు ప్రభువుకు తెలుసు."

ప్రభువుకు తెలిసి ఏం లాభం? ముందు బల్ల మీద డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫాదర్ అప్పాన్ని ఎత్తాడు. మందపాటి అంచు, మసక సిలువ. ఏదో పరదేశపు యంత్రం ఉమ్మిన సరుకని అక్కణ్ణుంచే తెలిసిపోయింది. అయినా లేచి వెళ్లి నాలుక చాచింది. ఫాదర్ పెట్టిన అప్పం అంగిటికి అతుక్కుని ఎంతకీ కరగలేదు.

పూజ అయింది. ఫాదర్ కారు వెళ్లిపోయింది. వాచ్‌మన్ దీపాలార్పుతూ, "ఏం రొలాండ్, ఇంకా కూర్చుంటావా? పోయేటప్పుడు తలుపు లాగెయ్, తాళం దానంతటదే పడుతుంది," అన్నాడు. ఆమె తలూపింది. ఎడమ భుజం లాగుతోంది. కాసేపు ఓర్చుకుంటే అదే పోతుందనుకుంది. డబ్బాని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

మర్నాడు ఆదివారం ఆమెను ఎవరూ వెతకలేదు. వెతికేవాళ్లెవరున్నారు గనక! సోమవారం పొద్దున యానిక్, "ముసలిదానికి ఇవాళే దొరికిందా సెలవు?" అని చిరాకుపడ్డాడు.

అదే పొద్దున చర్చిలో బల్లలు ఊడదీయడానికి వడ్రంగులు వచ్చారు. గోడలెక్కే ఆటలకు ఎవరో ఆ కట్టడం కొన్నారు. ముందు బల్ల మీద కట్టెలా బిగుసుకున్న మనిషిని చూసి ఫోన్ చేశారు. అంబులెన్స్ వచ్చి తీసుకుపోయింది. డబ్బా మాత్రం బల్ల కిందికి దొర్లి ఉండిపోయింది.

కాఫీ వేళకు పెద్ద వడ్రంగి దాని మూత తీశాడు.

"ఒరేయ్, ఇంత పెద్ద ముక్క ఎక్కడా చూళ్లేదురా!"

ఫట్‌మని రెండుగా విరిచి సగం తోటివాడికిచ్చాడు. వాడు నమిలి మొహం చిట్లించాడు.

"ఉప్పు లేదు, ఏమీ లేదు. కొట్లో దొరికేవే నయం."

గుడ్డతో చేతులు తుడుచుకుని మళ్లీ పనిలో పడ్డారు. సాయంత్రానికి బల్లల నుంచి పీకిన తుప్పు మేకులన్నీ ఆ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. మూత లోపల తెల్లటి పొడి ఇంకా అంటుకునే ఉంది.