పసుపు రంగు బాల్కనీ

మా ఆయనది భయపడే ఉద్యోగం. నేను వెటకారానికి అనడం లేదు. ఊరి చివర యూనివర్సిటీ క్యాంపస్ మొత్తం ఆయన పనిచేసే కంపెనీదే. క్లాసు గదులు, లైబ్రరీ, హాస్టళ్లు అన్నీ వాళ్లవే, యూనివర్సిటీ అందులో అద్దెకుంటుంది. ఏ లిఫ్టు ఆగిపోతుందో, ఏ వైరు కాలిపోతుందో, ఏ మెట్టు మీద ఎవరు జారిపడి కేసు వేస్తారో అని ముందే భయపడి, ఒక్కో భయానికి ఒక్కో రంగు వేయడం ఆయన పని. ఆకుపచ్చ అయితే పరవాలేదు. పసుపు అయితే కనిపెట్టుకుని ఉండాలి. ఎరుపు అయితే ఆ క్షణమే మూసేయాలి. సినిమాకి వెళ్లినా బయటికి దారెటో చూసుకుని గానీ కూర్చోరు. "పుట్టగానే మీరు ఏడవలేదట, డాక్టరు చెయ్యి జారుతుందేమోనని చూశారట" అని ఏడిపించేదాన్ని.

మొన్నామధ్య ఆడపిల్లల హాస్టల్ తనిఖీ చేసి వచ్చి, కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"బాల్కనీ అడుగున సుత్తితో కొడితే గుల్లగా మోగింది. లోపల ఇనుము తుప్పు పట్టేసింది" అన్నారు.

"మూసేయండి మరి."

"బాల్కనీ ఒక్కటీ మూస్తే సరిపోదే. గదుల కింద కూడా అదే స్లాబు, ఆ వరస గదులన్నీ ఖాళీ చేయించాలి. పరీక్షల ముందు పిల్లల్ని బయటికి పంపితే యూనివర్సిటీ మళ్లీ లీజు రాయదని మా ఆఫీసు పెద్దాయన భయం. సెలవుల్లో బాగు చేద్దాం, అందాకా పసుపు పెట్టమన్నారు."

"పెట్టారా?"

"పెట్టాను."

ఆ హాస్టల్లోనే ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి గది ఆ వరసలోనే ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆయన, "వార్డెన్‌తో మాట్లాడాను. రేపే వెనక బ్లాకుకి మార్చేస్తారు. కారణం ఏం చెప్పాలో తోచడం లేదు" అన్నారు.

"అమ్మాయికి దుమ్ము పడదని వార్డెన్‌కి చెప్పండి" అన్నది నేనే. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. మిగతా పిల్లలు నాకు గుర్తే రాలేదు. హాయిగా నిద్ర కూడా పట్టింది.

గాలొచ్చే గది వదిలించి బాత్రూముల పక్కన చీకట్లో పడేశారని అమ్మాయి సణిగింది. కొన్నాళ్లు ఓర్చుకోమన్నాను.

వారం తిరక్కుండానే కొత్త నంబరు నుంచి ఫోను.

"అక్కా, మీరు నన్నెరగరు, నేను టైలర్ని. నంబరు మీ అమ్మాయే ఇచ్చింది. తను ఖాళీ చేసిన మంచం మా పిల్లకిచ్చారు. అందరూ ఎగబడే గదంట కదా! మీ పిల్ల పేరు చెప్పుకుని చదువుకుంటోంది. సాయంత్రమైతే బాల్కనీలోనే మకాం. ఆ గాలికి ఇల్లు కూడా గుర్తు రావట్లేదంట దానికి!" అని నవ్వింది.

నేనూ నవ్వాను. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలేదీ?

"మీ అమ్మాయికి కుర్చీ దిండు ఒకటి కుట్టి తెస్తా, కాదనకండి" అంది. కాదనలేదు.

ఆయన ఇంటికి రాగానే చెప్పాను. "పసుపంటే పడిపోతుందని కాదు" అన్నారు.

"మరి మన పిల్లనెందుకు మార్చారు?"

కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన్ని నిలదీశాను గానీ, టైలర్ నంబరు నా ఫోన్లోనే ఉంది. చేస్తే విషయం బయటపడుతుంది, ఈయన ఉద్యోగం ఊడుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. సెలవులు ఎంతో దూరం లేవని కూడా సర్దిచెప్పుకున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం అమ్మాయి ఫోన్ చేస్తే ఆయన స్పీకర్‌లో పెట్టారు.

"నాన్నా, పాత గదికొచ్చాను. బాల్కనీ అంచు నుంచి ఇంత పెచ్చు ఊడి కిందపడింది. మీ నాన్న ఇవే చూస్తారు కదా, అడుగు అంటోంది ఈ పిల్ల. ఏం కాదుగా?"

"నువ్వక్కడెందుకున్నావ్? ముందు బయటికి రా!" ఆయన గావుకేక పెట్టారు.

అవతల ఆ పిల్లని కిందికి వెళ్లమనడం వినిపించింది.

"నాన్నా, నాకు దుమ్ము పడదని వార్డెన్‌తో ఎవరన్నారు?"

"అదంతా తర్వాత, ముందు బయటికి రా" అన్నారు ఆయన.

"అర్థమైంది. ఆ పిల్లని కిందికి పంపేశాను. నేను మాత్రం ఈ బాల్కనీలోనే కూర్చుంటా. ఇప్పుడు చెప్పు, ఇది ఏ రంగు?"

ఆయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటూ, మెట్లు దిగుతూనే వార్డెన్‌కి ఫోన్ చేశారు. "ఎరుపండీ, ఎరుపు! ఆ వరస మొత్తం ఖాళీ చేయించండి. ఇప్పుడే!" పెద్దాయన్ని అడగలేదు. లీజు ఊసే ఎత్తలేదు. ఇన్నాళ్లూ కుదరని పని మేం కారు తీసేలోపే కుదిరిపోయింది. సంతోషించాల్సింది పోయి నాకు తల కొట్టేసినట్టయింది.

మేం వెళ్లేసరికి పిల్లలంతా కింద హాల్లో పరుపులు సర్దుకుంటున్నారు. మా అమ్మాయి తన పెట్టె మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. కబురందుకున్న టైలర్ కూడా పరుగున వచ్చింది. కూతుర్ని తడిమి తడిమి చూసుకుని, సంచిలోంచి దిండు తీసి కుర్చీలో వేసింది.

"కూర్చోండి సార్. మీలాంటోళ్లు కనిపెట్టుకుని ఉండబట్టి మా పిల్ల బతికి బయటపడింది."

ఆయన కూర్చోలేదు. ఆ దిండు వంకే చూస్తూ నిలబడ్డారు.

"అమ్మా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది మా అమ్మాయి.

చెప్పాను. నేల చూపులు చూస్తూ, దుమ్ము అబద్ధంతో సహా అంతా చెప్పాను. మా ఆయన్ని చెడామడా తిడుతుందనుకున్నాను. ఆమె ఆయన వంక చూడనే లేదు. దిండు తీసి, దులిపి, మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"అంటే నేను ఫోన్ చేసేసరికే మీకు తెలుసు" అంది నాతో.

తలూపాను.

"మరి ఎందుకు నవ్వారు?"