మేకు దిగిన కిటికీ

గాలి.

కిటికీ అవతలే ఆగిపోయిన గాలి. లోపలికి రావడానికి దానికి దారి లేదు.

దారి మూసింది ఆయనే. ఈ వీధిలో సగం తలుపులు చేసిన వడ్రంగి.

అప్పట్లో ఆయన భార్యకి నెలసరి ఆగిపోయే వయసు. ఉండుండి ఒళ్లంతా ఆవిర్లు. పడకగది కిటికీ తెరిచేది. ఆయన మూసేవాడు. తెరిచేది... మూసేవాడు. ఒకరోజు—

"నేను చలికి చస్తుంటే నీకు ఉక్కపోతేంటే?"

రెక్కకి మేకు దిగ్గొట్టాడు. పెద్ద మేకు. పని మీద అంత శ్రద్ధ మరి.

కాలం తిరగబడింది.

ఆయనకి ప్రోస్టేట్‌లో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్లీ రాకుండా హార్మోను ఇంజెక్షన్లు మొదలెట్టారు. మగ హార్మోనే ఆ జబ్బుకి మేత, ఆ మేత ఆపుతాం అన్నాడు డాక్టరు.

మేత ఆగింది.

మంట మొదలైంది.

మెడ మీదుగా పాకే ఆవిరి. చెవుల్లోంచి సెగలు. పిండితే నీళ్లు కారే చొక్కా. టీవీ ప్రకటనలో కుక్కపిల్ల తోకాడిస్తే కన్నీళ్లు...

ఆవిడ తడి తువ్వాలు తెచ్చి మెడ మీద వేస్తుంది. మేకు మాట ఎత్తదు. ఎత్తకుండా ఉండటం ఎంత కష్టమో ఆవిడకే తెలుసు.

ఈ మధ్యాహ్నం మళ్లీ ఇంజెక్షను. ఆయన మంచం దిగలేదు.

"నేను రాను. కోసి తీసేశారుగా! ఇంకా ఈ సూదులెందుకు? నేను నాలా లేనే..."



ఆవిడ పక్కన కూర్చుంది.

"చెద పట్టిన ముక్క కోసి పారేశాక, మిగతా చెక్కకి మందెందుకు పూస్తారు మీరు?"

"...లోపల ఒక్క పురుగు మిగిలినా మళ్లీ తినేస్తుంది కాబట్టి."

"అయితే చెక్కకో న్యాయం, మొగుడికో న్యాయమా?"

నవ్వాడు. ఏడ్చాడు. ఈమధ్య ఆ రెండూ కలిసే వస్తున్నాయి.

లేచాడు. చొక్కా కోసం అనుకుంది. సుత్తి తెచ్చాడు.

సుత్తి కొమ్ముల మధ్య మేకు తల. తుప్పు. బిగువు. కిర్రుమంది... కదిలింది... ఊడొచ్చింది. రెక్క తెరుచుకుంది.

"నిన్ను ఇంతలా ఉడికించానా?" అన్నాడు, మేకు కేసి చూస్తూ.

"ఉడికించారు. ఇప్పుడు ఇద్దరం సమానం. చొక్కా వేసుకోండి, ఆలస్యమవుతోంది."

ఆ జబ్బు మళ్లీ వస్తుందా, రాదా... రక్తపరీక్షలు చెప్పాలి. అవి చెప్పేదాకా—

తాళం వేయబోతూ ఆవిడ వెనక్కి చూసింది. కిటికీ మూసి రానా అనుకుంది.

మూయలేదు.

మంచం మీద తువ్వాలు అంచు మెల్లగా లేచింది.

గాలి...