గణపతికి చెప్పని కబురు

అమ్మ పోయిన సంగతి తమ్ముడికి చెప్పొద్దన్నది ప్రభావతి ఆంటీ. దేశం దాటొచ్చి బెడోక్‌లో ఆవిడ ఫ్లాట్‌లో ఆరేళ్లుగా ఇంటిపని చేస్తున్నాను. తెలుగొచ్చిన బర్మా పిల్ల కావాలని ఏజెంటు ప్రాణం తీసి మరీ నన్ను తెప్పించుకుంది. మా తాతలు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి బర్మాలోని మౌల్మీన్ చేరినవాళ్లు. ఆ తెలుగే ఇంకా మా నోట్లో ఉంది.

"తుపాకీ పట్టుకుని కొండమీదున్నవాడికి చావు కబురు చెప్తారా ఎవరైనా? గుండె చెదిరి ఏదో ఒకటి చేసుకుంటాడు. ఇంటికొచ్చాక చెప్పుకోవచ్చు లతా," అంది.

మనవాళ్ల పద్ధతే అంత. మనిషి పోయినా 'ఒంట్లో కాస్త నలతగా ఉంది, ఒకసారి వచ్చిపో' అని చెప్పి బస్సెక్కిస్తాం. నేనూ తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్లు లేరు. చివరిచూపుకి నేనే వెళ్లలేదు మరి, వెళ్తే మళ్లీ దేశం దాటనివ్వరని.

సైన్యంవాళ్లు లాటరీలో పేరు తీసి తమ్ముడు గణపతిని పట్టుకుపోయి ఏడాది దాటింది. వలలు అల్లుకునేవాడు. కోడి మెడ కోయమంటే పారిపోయే రకం. అలాంటివాడు ఇప్పుడు తిరుగుబాటుదారులు చుట్టుముట్టిన కొండమీద ఇసుక మూటల వెనక పడుకుంటున్నాడు. యుద్ధం ఆఖరికొచ్చేసిందని అందరూ అంటున్నారు. ఆఖరి రోజుల్లో చచ్చేవాడికి ఆ మాట కూడు పెడుతుందా?

వారానికోసారి, మధ్యాహ్నం అధికారి కునుకు తీసే వేళ, దాచుకున్న ఫోన్లో మాట్లాడేవాడు. అరటిదూట ఉడకబెట్టుకు తింటున్నామనీ, టార్పాలిన్ కింద వాననీళ్లు పట్టుకు తాగుతున్నామనీ, హెలికాప్టరు పడేసిన బియ్యం మూటలన్నీ అవతలివాళ్లకే దొరికాయనీ నవ్వుతూ చెప్పేవాడు. చివర్లో మాత్రం ఒకటే ప్రశ్న.

"అమ్మ తిన్నాదా?"

"తిన్నాది."

నలభై రోజులు అలాగే తినిపించాను అమ్మకి.

ఆ రోజు మార్కెట్లో బెండకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది. వాడి గొంతులో నవ్వు లేదు.

"అక్కా, ఎల్లుండి పెద్ద దాడంట. మావోళ్లు ఒక్కొక్కడే తెల్లగుడ్డ పట్టుకుని అవతలోళ్ల దగ్గరికి దిగిపోనారు. ముప్పై ఆరుమందిమి, పద్దెనిమిదిమందిమి మిగిలినాం."

"నువ్వెందుకు దిగనేదురా?"

"అమ్మున్నాది కదే! నాను దిగిపోతే ఊళ్లో అమ్మని పట్టుకుపోతారు. పక్కోడి నాన్నని అలాగే జైల్లో ఏసినారు. ముసిల్ది అక్కడ ఒక్కరోజు బతకదు."

పోయిన మనిషిని కాపాడుకోవడానికి నా తమ్ముడు చావుకి ఎదురుగా కూర్చున్నాడు. కూర్చోబెట్టింది నేను. బెండకాయల గుట్ట ముందే, నలుగురూ చూస్తుండగా, దాచిందంతా కక్కేశాను.

"అమ్మ నేదురా. పోయి నలబై రోజులైంది. వీరాస్వామి మావ తలకొరివి పెట్టినాడు. నీకోసం పట్టుకుపోడానికి ఇంట్లో ఎవులూ నేరు. దిగిపోరా నాయినా."

వాడు ఏడవలేదు. ఏడిస్తే బాగుండును.

"నలబై రోజులా?" అన్నాడు. "అప్పుడు దారుండేది కదే అక్కా! పోయిన వారమే ఎవుడూ దిగకుండా కొండ సుట్టూ మందుపాతరలు పెట్టించేసినారు. సగం నాసేతే పాతించినారు. అవెక్కడున్నాయో నాకు తెల్సు. తక్కిన సగం పాతినోడు ఆ రేతిరే దిగిపోనాడు."

ఛీ, నా నోరు పడిపోయినా బాగుండేది. బెండకాయల మనిషి "కావాలా, వద్దా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"ఉండిపోమంటావా, ఎల్లిపోమంటావా?" అన్నాడు గణపతి. "ఇన్నాళ్లూ అమ్మకోసం ఉన్నాను. ఇప్పుడు నువ్వు సెప్పు."

ఉంటే ఎల్లుండి ఎలాగూ చావే అనుకున్నాను. వెళ్తే సగం దారైనా వాడికి తెలుసు కదా అనుకున్నాను. "ఎల్లిపో," అన్నాను.

"సరే అక్కా," అని పెట్టేశాడు. ఎప్పుడూ నా మాట వినని వెధవ, ఆ ఒక్కసారి విన్నాడు.

దాడి జరగలేదు. నాలుగో రోజు అధికారే తెల్లజెండా ఎత్తాడు. మందుపాతరల మ్యాపు ఆయన దగ్గరే ఉందట. అది చూసుకుంటూ అందర్నీ వరసగా కిందికి దింపాడు. కొండ కింద అవతలివాళ్లు వాళ్లకి అన్నం పెట్టి, ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. పదిహేడుమంది. ఒక్కొక్క ముఖాన్నీ వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఆంటీ కూడా కళ్లజోడు పెట్టుకుని వెతికింది.

"ఇంకో దారిన దిగుంటాడులే. రెండ్రోజుల్లో వాడే ఫోన్ చేస్తాడు చూడు," అంది నా వీపు నిమురుతూ.

వాడి ఫోన్ రాక ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. నలభై రోజులు అబద్ధమాడినదాన్ని, ఇంకో నాలుగు రోజులు ఆడలేకపోయాను.