తొమ్మిది నెలల ప్రెసిడెంటు

మొన్నటిదాకా నాకు అన్నిటికంటే పెద్ద భయం, నా తొమ్మిది నెలల కూతురు తబితను కోర్టుకు పిలుస్తారని.

మా చర్చి సంఘంలో పదవులకు ఓట్లుండవు. పేర్లు చీటీల మీద రాసి, టోపీలో వేసి తీస్తాం. బైబిల్లో అపొస్తలులు చేసిందీ అదే. ఈసారి ప్రెసిడెంటు చీటీ తబితకు వచ్చింది. అందరూ పడి పడి నవ్వారు, సంఘ పెద్ద ఆర్విల్ తాత తప్ప. "చీటీ అంటే దేవుడి మాట" అని, ఆరెగాన్ రాష్ట్రంలో సంఘాలను నమోదు చేసే ఆఫీసుకు ఏటా పంపే రిపోర్టులో ఆ పేరే రాసి, మా ఇంటి ఫోన్ నంబరుతో సహా పంపేశాడు.

ఒక మంగళవారం ఆ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"ప్రెసిడెంటు గారికి ఇస్తారా?"

"పాలు తాగుతోందండీ."

"తాగాక?"

"కక్కుతుందండీ. ఆ తర్వాత నిద్ర."

ఆవిడ పాప వయసు అడిగి రాసుకుంది. దిద్దుబాటు ఫారం పంపుతాను, ఏది తప్పో, ఎందుకు తప్పో రాసి సంతకంతో తిప్పి పంపండి అంది.

వచ్చిన ఫారం అడుగున, అబద్ధం రాస్తే శిక్ష అని సన్నటి అక్షరాల్లో ఉంది. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకు అర్థమైంది ఆ ముక్క ఒక్కటే. రిపోర్టులో ఉన్నది పాప పేరు కదా, కోర్టుకు దాన్నే పిలుస్తారనుకుని ఫారం పట్టుకుని తాత దగ్గరికి వెళ్ళాను.

తాత ఫారం చూసి పక్కన పడేశాడు. "దేవుడు తప్పు చేశాడని నా చేత్తో రాయమంటావా, అమ్మాయ్?"

"పాపను జైల్లో పెడితేనో?"

"అపొస్తలుడు పౌలునూ పెట్టారు."

"పౌలుకు పళ్ళున్నాయి తాతా!"

మర్నాడు డైపర్ మారుస్తుంటే తట్టింది. మేం పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం, పెద్దయ్యాక వాళ్ళే అడగాలి. అది లేనిదే సభ్యత్వం లేదు. పాపను చంకనేసుకుని పరుగెత్తాను.

"తాతా, సభ్యురాలే కాని దాని చీటీ టోపీలో ఎవరు వేశారు?"

తాత మొహం కందగడ్డయింది. "చీటీలు రాసింది నేనే కదే."

"మరి దేవుడైనా టోపీలో ఉన్నవాటిలోంచే కదా తీయాలి?"

ఫారంలో తాతే రాశాడు: "తప్పు టోపీ నింపిన ముసలాడిది." మళ్ళీ చీటీలు వేశాం, ఈసారి పెద్దవాళ్ళవే. మార్లిస్ అని వచ్చింది. అంటే నేనే. ఫారం మీద నేనే సంతకం చేసి పంపాను.

నిన్న ఆ ఆఫీసు నుంచి ముద్ర వేసిన ఫారం కాపీ వచ్చింది. తబితకు ఇప్పుడు ఏ పదవీ లేదు. కానీ తాత రెండు ఆదివారాలుగా ఆరాధనకు రావడం లేదు. తన పొరపాటును దేవుడి మీదికి నెట్టానని కుమిలిపోతున్నాడట. నేను వెళ్తే తలుపు తీయడు, ప్రెసిడెంటు తనిఖీకి వచ్చిందనుకుంటాడేమో. మిల్లు రోడ్డులో తాత ఇంటి వైపు వెళ్తే మీరైనా ఒకసారి తలుపు తట్టండి. సరిగ్గా తింటున్నాడో లేదో చూసి నాకు చెప్పండి.