మూడు నిమిషాల కీర్తన

సాయంత్రం పొయ్యి మీద ఎసరు పెట్టి, ఊక కుక్కిన గోనెమూటను రొమ్ముకు అదుముకుని పెరట్లో నిలబడేది నవోమి. ఎదురుగా ఆ మూటను గుద్దుతా మొగుడు సమాధానం. బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్, రైల్వే బాక్సింగులో చాంపియన్. "పేరేమో శాంతీ సమాధానం, పనేమో గుద్దులాట" అని కాలనీ ఆడోళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

రౌండంటే మూడు నిమిషాలంట. ఇంట్లో గడియారం యాడుంది? "పాడు మే" అనేవాడు. ఆమె కీర్తన ఎత్తుకునేది. నాలుగు చరణాలు గబగబా పాడితే సరిగ్గా ఒక రౌండు. దెబ్బ పడ్డప్పుడల్లా మాట గొంతులోనే విరిగేది, అయినా ఆపకూడదు. "గుద్దేవాడికి లేని నొప్పి పట్టుకునేదానికేందే?" అనేది అత్త రెబెక్కమ్మ. నిజం చెప్పొద్దూ, ఆ రోజులంటే నవోమికి ఇప్పటికీ మురిపెమే. చర్చిలో ఆ కీర్తన ఎత్తుకోగానే మగాళ్ల వరసలో సమాధానం పిడికిళ్లు వాటంతటవే బిగుసుకునేవి. ఈమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకునేది.

పెళ్లికి ముందు కోవూరు చర్చి క్వయర్‌లో ఆమెదే ముందు గొంతు. ఇక్కడి క్వయర్ చూసే దావీదు మాస్టారు కూడా రమ్మని మూడుసార్లు కబురు పెట్టినాడు. ప్రాక్టీసేమో సాయంత్రం పూటే. మరి మూటెవరు పట్టుకుంటారు?

అరవై రెండులో సమాధానం మద్రాసులో గెలిచి, మెడలో పతకంతో రైలు దిగినాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో సన్మానం. ఫోర్‌మన్‌కీ, కోచ్‌కీ, కన్నతల్లికీ పేరుపేరునా దండాలు పెట్టినాడు. "మరి నీ భార్యకో?" అని ఎవరో అడిగితే, "దానికేం తెలుసండీ బాక్సింగు, పని చేసుకుంటా పాటలు పాడుకుంటా ఉంటాది" అన్నాడు. హాలంతా నవ్వింది. అలవాటు కొద్దీ నవోమి కూడా నవ్వింది. ఇంటికొచ్చినాక అన్నం సయించలేదు. పొగడమని ఆమె అడిగిందా? ఉన్నమాట ఒక్కటి చెప్పుంటే చాలు గదా.

మర్నాడు సాయంత్రం చేతులకు గుడ్డలు చుట్టుకుని అతను పెరట్లో నిలబడినాడు. నవోమి తల దువ్వుకుని, చెప్పులేసుకుని గడప దాటింది.

"యాడికి మే? మరి నా పాటో?"

"పాటకే పోతా ఉండా" అంది.

చర్చిలో దావీదు మాస్టారు హార్మోనియం మీద ఆ కీర్తనే ఎత్తుకున్నాడు. వెనక తరిమేవాళ్లెవరూ లేరు. నవోమి గోడ గడియారం ఒకసారి చూసుకుని, ఒక్కో మాటనూ నిలిపి, ఊపిరి నిండా తీసుకుని పాడింది. చివరి చరణం అయినాక మళ్లీ గడియారం వైపు చూసి నోటిమీద చెయ్యేసుకుంది. అది అయిదున్నర నిమిషాల పాట.